దొరలు వెఱచిన న్యాయవాది

గెర్న్సీ ద్వీపమునుండి ఫ్రీటౌన్ వఱకు సర్ జాన్ జెరెమీ ప్రస్థానము

1832వ సంవత్సరము జూన్ మాసమున, ఆఫ్రికాఖండమునకు తూర్పున హిందూమహాసముద్రములోనున్న మారిషస్ ద్వీపమున, పోర్ట్ లూయీ రేవునందు ఒక ఆంగ్ల న్యాయవాది ఓడ దిగెను. వయస్సు ముప్పదియాఱేండ్లు. ఆయన చేతనున్నది, ఆ ద్వీపమునకు తన్ను ప్రోక్యురేర్ జనరలుగా, అనగా ప్రభుత్వపక్షమున వాదించు ప్రధానన్యాయవాదిగా నియమించుచు లండను ప్రభుత్వము దయచేసిన ఉత్తరువు మాత్రమే. ఆయన దిగిన వార్త వ్యాపించినంతనే నగరమున అంగళ్ళు మూతపడెను, క్రయవిక్రయములు నిలిచిపోయెను, చెఱకుతోటల యజమానులును, వర్తకులును, వారి పక్షమున వాదించు ప్లీడర్లును ఏకమై, ఈ యొక్క మనుష్యుడు మరల ఓడ యెక్కువఱకు తాము శాంతింపబోమని పంతము పట్టిరి. అతనిని ప్రమాణస్వీకారము చేయించవలసిన న్యాయస్థానమున సైతము న్యాయమూర్తులు ముఖము చాటుచేసిరి. వీథిలో నడచినచో జనులు చుట్టుముట్టుచుండుటచే సైనికుల రక్షణము కావలసివచ్చెను. ఒక ప్లీడరు రాకకు ఒక రాజధాని యంతయు ఇట్లు తలుపులు బిగించుకొనుట చరిత్రలో అరుదైన దృశ్యము. ఆ భయమునకు మూలమేమో తెలిసికొనవలెనన్న ఆయన పూర్వచరిత్రను కొంత విచారింపవలసియున్నది.

జాన్ జెరెమీ 1795లో గెర్న్సీ ద్వీపమున జన్మించెను. ఇంగ్లాండునకును ఫ్రాన్సునకును నడుమనున్న ఆ చిన్న ద్వీపము ఆంగ్లరాజునకు లోబడినదైనను, అచ్చటి న్యాయస్థానములలో నడచునది ప్రాచీనమైన నార్మన్ ఆచారశాస్త్రము, నాటి వ్యవహారభాష ఫ్రెంచి. ఇంగ్లాండులో పాఠశాలావిద్యయు, ఫ్రాన్సులోని దిజోన్ నగరమున న్యాయశాస్త్రాధ్యయనమును ముగించుకొని, ఆయన స్వద్వీపమునకు వచ్చి న్యాయవాదవృత్తి నవలంబించెను. ఫ్రెంచి శాసనములను ఫ్రెంచిలోనే చదివి, ఫ్రెంచిలోనే వాదింపగల ఆంగ్లప్రజ యగుట సామాన్యవిషయము కాదు. నెపోలియనుతో జరిగిన యుద్ధములలో ఫ్రెంచివారినుండి గెలుచుకొన్న సెయింట్ లూసియా, మారిషస్ మొదలగు ద్వీపములలో ప్రజలును, భాషయు, ధర్మశాస్త్రమును పూర్వపువే నిలిచియుండగా, వానిని పాలించుటకు అటువంటి పండితుడు లండను అధికారులకు మిక్కిలి యవసరమయ్యెను. గెర్న్సీలో ఎవరికిని తెలియక జీవితము గడపవలసిన ఒక ప్లీడరు సముద్రముల దాటి మూడు ద్వీపములలోను, ఒక ఆఫ్రికా తీరముననుం బనిచేయుటకు కారణమిదియే.

1824లో ఆయన కరిబియన్ సముద్రమునందలి సెయింట్ లూసియాకు ప్రధానన్యాయమూర్తిగా వెళ్ళెను. ఆ కాలపు రాజకీయము నొక్కింత గమనింపవలెను. జమైకా, బార్బడోస్ వంటి ప్రాతవలసలలో తోటల యజమానులే సభ్యులుగా గల శాసనసభ లుండెను. బానిసల స్థితిని బాగుచేయుడని లండను నుండి ఎన్ని లేఖలు వచ్చినను ఆ సభలు వానిని త్రోసిపుచ్చుచుండెను. అట్టి సభలు లేని సెయింట్ లూసియా, ట్రినిడాడ్, మారిషస్‌లలో మాత్రము రాజాజ్ఞయే శాసనము. కావున బానిసలకు మేలుచేయదలచిన వారందఱును ఈ ద్వీపములనే తమ ప్రయోగశాలలుగా నెంచుకొనిరి. 1824లో ట్రినిడాడునకు ఒక రాజాజ్ఞ వెలువడెను: స్త్రీలను కొరడాతో కొట్టరాదు, యజమాని విధించిన ప్రతి శిక్షను పుస్తకమున వ్రాసియుంచవలెను, బానిస తన వెల తాను చెల్లించి స్వేచ్ఛను కొనుక్కొనవచ్చును, బానిసల మొఱ లాలకించుటకు ఒక రక్షకాధికారి యుండవలెను. కాగితముపై ఇవి నిరపాయకరములుగ దోచును. కాని యజమానికిని అతని బానిసకును నడుమ రాజ్యము వచ్చి నిలుచుటచే, తోటల దొరలకు దానియందు ప్రళయము గోచరించెను. సెయింట్ లూసియాలో అట్టి శాసనమును అమలునకు దెచ్చు భారము జెరెమీపై బడెను.

ఆయన పుట్టుకతో సంస్కర్త యనుకొనరాదు. ద్వీపమున అడుగిడిన క్రొత్తలో, ఇచ్చటి బానిసలు సుఖముగానే యున్నారని చుట్టునున్న పెద్దమనుష్యులు చెప్పిన మాటను నమ్మిన వారిలో ఆయనయు నొకడు. శాసనము వెలువడి బానిస నోరు విప్పుటకు అనుమతి కలిగినంతనే, ఆయన యెదుటికి వచ్చిన సాక్ష్యము వేఱుగ నుండెను. మెడచుట్టు ముండ్లకొమ్ములుగల ఇనుపపట్టెడ బిగింపబడి, దానికి గొలుసు తగిలించి, ఆ గొలుసు కాళ్ళకడియములకు కట్టబడిన ఒక మనుష్యుడు న్యాయమును కోరి వచ్చెను. కనులార జూచిన దానిని ఏ న్యాయవాదియు వినికిడి యని కొట్టివేయజాలడు. జెరెమీ మనస్సు మారుట కరుణోద్రేకము వలన గాక ఆధారముల వలన జరిగెననుట నా కెంతయు ముఖ్యమని తోచును. ఏలయన కరుణ కొంతకాలమునకు చల్లారవచ్చును గాని, నిరూపింపబడిన విషయము మనస్సును విడువదు.

1831లో ఆయన వలసలలోని బానిసత్వమును గూర్చి నాలుగు వ్యాసములు ప్రకటించెను. ఒక వలస ప్రధానన్యాయమూర్తి, దూరదేశమునుండి విన్న కథలను గాక, తన బల్లపై విచారించిన వ్యవహారములను ఆధారము చేసికొని వ్రాసిన గ్రంథమగుటచే, బానిసత్వనిర్మూలన పక్షమువారికి అది యాయుధమయ్యెను. అప్పటివఱకు ఆ పక్షమున నిలిచిన వారిని తోటల దొరలు మతావేశపరులనియు, ఎన్నడును ఉష్ణదేశములను చూడనివారనియు పరిహసించుచుండిరి. జెరెమీని అట్లు పరిహసించుటకు వీలులేకపోయెను. అందువలననే ద్వేషించిరి.

మారిషస్ కథ మఱింత చిక్కనిది. 1810లో ఆంగ్లేయులు ఆ ద్వీపమును జయించినప్పుడు (ఆ దండయాత్రలో మద్రాసు సిపాయిలును నడచియుండిరి), అచ్చటి ఫ్రెంచివారికి మీ మతమును, శాసనములను, ఆచారములను మేము భంగపఱుపమని సంధిపత్రమున మాట యిచ్చిరి. బానిసత్వమును ఆచారములలో నొకటియని తోటల యజమానులు వాదించిరి. 1825లో మారిషస్ చక్కెరకు ఇంగ్లాండున కరిబియన్ చక్కెరతో సమానమగు సుంకము ఏర్పడుటతో ద్వీపమంతయు చెఱకుతో నిండిపోయెను. పని పెరిగెను, బానిసల వెల పెరిగెను. సుమారు లక్షయున్న జనాభాలో మూడింట రెండువంతులు బానిసలే. వారిలో మడగాస్కరునుండియు, తూర్పు ఆఫ్రికానుండియు తేబడిన వారే అధికులైనను, పూర్వశతాబ్దమున మన కోరమాండల్ తీరమునుండి ఫ్రెంచి ఓడలలో కొనిపోబడిన వారి సంతతియును గలదు.

ఆ యజమానుల నాయకుడును న్యాయవాదియే. ఆడ్రియన్ దెపినే ఆ ద్వీపమునందే పుట్టినవాడు. జెరెమీకన్న ఒక్క యేడు పెద్దవాడు. లండనునకు వెళ్ళి మంత్రులతో వాదించి, తన ద్వీపమునకు ముద్రణాస్వాతంత్ర్యమును సాధించుకొని వచ్చి, 1832 ఫిబ్రవరిలో ‘లె సెర్నెయెన్’ అను పత్రికను స్థాపించినవాడు. ధీశాలి, వాగ్మి, స్వజనాభిమాని. అతడు కోరిన స్వాతంత్ర్యము నిజమైనదే. కాని అది మూడింట ఒకవంతు మనుష్యులకు మాత్రమే యుద్దిష్టమైనది. తక్కిన రెండువంతులు ఆ పత్రిక దృష్టిలో ఆస్తి. ఒకే ధర్మశాస్త్రమును చదివిన ఇద్దఱు న్యాయవాదులలో, ఒకడు దానిని ఆస్తికి కోటగాను, ఇంకొకడు మనుష్యునకు ద్వారముగాను ఉపయోగింప బూనుట నాటి మారిషస్ చరిత్రకంతకును కీలకము.

జెరెమీ రాకతో పోర్ట్ లూయీలో మొదలైన సమ్మె సుమారు నలువదిదినములు సాగెను. సర్ చార్లెస్ కాల్విల్ అప్పటి గవర్నరు. యుద్ధములలో పేరుగాంచిన సేనాని. యజమానులు ఆయుధములు ధరించిన స్వచ్ఛందదళములను గూర్చుకొనుచుండగా, ఆ సేనాని వెనుకంజ వేసి, ద్వీపశాంతి నిమిత్తము మీరు వెడలిపోవలెనని జెరెమీకి ఉత్తరువు చేసెను. జూలై నెలాఖరునకు ఆయన మరల ఓడ యెక్కెను. దొరలు విజయోత్సవము జరుపుకొనిరి. లండను మంత్రులకు మాత్రము ఇది రాజాజ్ఞకు కలిగిన పరాభవముగ దోచెను: కాల్విల్ స్థానమున సర్ విలియం నికొలే గవర్నరుగా వచ్చెను, 1833లో జెరెమీ సైనికబలము తోడుగా అదే పదవికి అదే రేవునకు తిరిగివచ్చెను. దెపినే శాసనమండలి సభ్యత్వమును గోల్పోయెను.

తరువాతి కొలదినెలలలో జెరెమీ చేసిన పనిని కొందఱు తొందరపాటుగ నెంచుచున్నారు. బానిసల వ్యాజ్యములను విచారించు న్యాయమూర్తులే బానిసల యజమానులై యుండుట ధర్మవిరుద్ధమని ఆయన బహిరంగముగ ఆక్షేపించెను. వారిని తొలగింపవలెనని పట్టుబట్టెను. క్రొత్త గవర్నరు, అప్పుడప్పుడే చల్లారుచున్న నిప్పును ఊదుట యేలయని వెనుదీసెను. ఇరువురకును పొసగలేదు, ఆ సంవత్సరముననే జెరెమీ పదవిని వదలి ఇంగ్లాండునకు పోయెను. ఆయన నిదానించియున్న మఱికొంత సాధింపగలిగెడివాడని నేనును ఒప్పుకొందును. కాని లోపమును ఆయన సరిగా గుర్తించెననుటలో సందేహము లేదు. కొరడా పట్టిన చేయియే తీర్పు వ్రాయుచున్నంత కాలము, రాజాజ్ఞలు ఎన్ని వచ్చినను బీరువాలలో భద్రముగ నుండుటకే పనికివచ్చును.

1833లోనే బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వనిర్మూలన శాసనమును చేసెను. అందును ఎన్నియో మడతలు గలవు. నష్టపరిహారము రెండుకోట్ల పౌనులు నిర్ణయింపబడినది, దానిని పొందినవారు యజమానులు. మారిషస్ దొరలకు ముట్టినది 21 లక్షల పౌనులకు పైగా. బానిసకు దక్కినది శిష్యరికమను పేరుతో అదే యజమానికడ మఱికొన్నియేండ్ల నిర్బంధపు చాకిరి. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని భారతభూములను, సింహళమును, సెయింట్ హెలీనా ద్వీపమును ఆ శాసనము స్పృశింపనే లేదు. మారిషస్‌లో అది 1835 ఫిబ్రవరి 1వ తేదీన అమలునకు వచ్చెను. శిష్యరికము 1839లో ముగిసెను. కాళ్ళ సంకెల తెగినంతనే ఆ మనుష్యులు చెఱకుతోటలను వదలి, కొండప్రక్కలను, సముద్రతీరమున తమ బ్రదుకు తాము వెదకుకొనుచు వెడలిపోయిరి.

ఆ తోటలలో ఇక పనిచేయువారెవరు? ఈ ప్రశ్న తెలుగుదేశపు గడపవఱకు వచ్చినది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అను ఓడలో కలకత్తానుండి ముప్పదియాఱుగురు కూలీలు పోర్ట్ లూయీలో దిగిరి. వారితో మొదలై 1910 వఱకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ ద్వీపమును చేరిరి. ఆ ప్రవాహములో తెలుగువారి పాయ గోదావరీముఖమునందలి కోరంగి రేవునుండి వెడలినది. అందువలననే ఆ ద్వీపమున తెలుగువారిని చిరకాలము కోరంగివారనియే పిలుచుచుండిరి. జెరెమీ పోర్ట్ లూయీలో దిగి దొరలతో పెనగులాడుచున్న 1832-33 మనకు నందననామ సంవత్సరము. అయిదులక్షల జనులుగల గుంటూరుసీమలో లక్షన్నరమందికి పైగా ఆకలిచే మడసిన ఆ యేటిని మనవారు నందనకఱవనియు, డొక్కల కఱవనియు నేటికిని తలచుచున్నారు. 1839 నవంబరులో గాలివాన సముద్రమును పైకెత్తి కోరంగినే ముంచివేసెను. అట్టి కఱవులలో, ఉప్పెనలలో సర్వమును గోల్పోయిన తీరమునకు మేస్త్రీలు వచ్చి, చక్కెరదేశమున కూలియు కూడును గలవని చెప్పినప్పుడు వినని వారెవ్వరు? ఒప్పందపు కాగితముపై గుర్తు వేయించుకొని తీసికొనిపోబడిన ఆ కూలీలు చట్టప్రకారము బానిసలు కారు. అయినను పూర్వపు బానిసల గుడిసెలలోనే నివసించిరి. పూర్వపు దొరలకే పనిచేసిరి. ఒకదినము పనికి రానిచో రెండుదినముల కూలి కోతపడు శాసనముక్రింద మ్రగ్గిరి. జెరెమీ నిలువనాడిన ధర్మసందేహమే, న్యాయమూర్తి కుర్చీలో ఎవరు కూర్చుందురను సందేహమే, వీరి వ్యాజ్యములలోను అర్ధశతాబ్దముపాటు వినిపించుచు వచ్చెను. ఈ కారణముచే ఆయన చరిత్ర మనకు పరాయిది కాదని నా విశ్వాసము. నేడు మారిషస్‌లో ఫిబ్రవరి 1వ తేదీ, నవంబరు 2వ తేదీ రెండును ప్రభుత్వ సెలవుదినములు. ఉగాదికి కూడ సర్కారు సెలవు గలదు. దెపినే విగ్రహము, శిల్పియైన అతని కుమారుడే చెక్కినది, పోర్ట్ లూయీలోని కంపెనీ తోటలో నిలిచియున్నది.

1836లో జెరెమీ సింహళమున సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమింపబడెను. అదే సమయమున బానిసత్వవిరోధులు కృతజ్ఞతాసూచకముగ ఆయనకు ఒక వెండి బహుమతిని సమర్పించిరి.  సింహళవాసమును గూర్చి ఇచ్చట విస్తరించి చెప్పను. 1840 జూన్‌లో లండనునందు ప్రపంచ బానిసత్వవిరోధమహాసభ జరిగినప్పుడు ఆయన అందు పాల్గొనెను. బెంజమిన్ హేడన్ చిత్రించిన ఆ సభాదృశ్యమున ఆయన ముఖమును నేటికిని చూడవచ్చును. ఆ సంవత్సరముననే, పార్లమెంటులో బానిసత్వవిరోధపక్షమునకు నాయకత్వము వహించిన ఫోవెల్ బక్స్టనునకు బహిరంగలేఖగా, నీగ్రోల విముక్తినిగూర్చియు ఆఫ్రికా నాగరకతనుగూర్చియు ఒక గ్రంథము వ్రాసెను. బానిసవ్యాపారమును సముద్రముపై యుద్ధనౌకలతో అడ్డుకొన్నంత మాత్రమున చాలదు, ఆఫ్రికాలోనే వ్యవసాయమును, సక్రమవాణిజ్యమును పెంపొందించి దాని వేరును త్రెంచవలెనని బక్స్టను సిద్ధాంతము. ఆ సిద్ధాంతమున సామ్రాజ్యవిస్తరణబీజము దాగియున్నదని, అర్ధశతాబ్దము గడచిన పిమ్మట ఆఫ్రికాను పంచుకొనుటకు వచ్చినవారు ఇవే మాటలు పలికిరని మనము నేడు ఎఱుగుదుము. జెరెమీ వంటివారి నిష్కాపట్యమును నేను శంకింపను. కాని వారి విశ్వాసము ఎవరి చేతికి ఏ పనిముట్టు నిచ్చెనో విస్మరించుటయు సత్యము కాదు.

1840 అక్టోబరులో ఆయన సియెరా లియోన్ గవర్నరుగా నియమింపబడెను. ప్రయాణమునకు ముందే సర్ బిరుదము లభించెను. ఆ పదవికి ఆయనకన్న అర్హుడు దొరకడు. పశ్చిమాఫ్రికా తీరమునందలి ఆ వలస 1787లో విముక్తులైన నల్లవారి ఆవాసముగ ఆరంభమై, 1808లో రాజ్యాధీనమైనది. బ్రిటిష్ నౌకాదళము నడిసముద్రమున బట్టిన బానిసల ఓడలను ఫ్రీటౌన్ రేవునకే తోలుకొనివచ్చుచుండెను; అచ్చట బ్రిటిష్ న్యాయమూర్తియు, ఓడ ఏ దేశముదో ఆ దేశపు న్యాయమూర్తియు కలిసి కూర్చుండు మిశ్రమన్యాయస్థానము విచారించి తీర్పు చెప్పినపిమ్మట, ఓడ అడుగుభాగమునుండి మనుష్యులు స్వతంత్రులై నేలపై అడుగిడుచుండిరి.  రీజెంట్, గ్లౌసెస్టర్, వెల్లింగ్టన్, వాటర్లూ వంటి ఆంగ్లనామములుగల గ్రామములలో వారికి నేలయు, బడియు, గుడియు ఏర్పడెను. 1822లో అట్లు రక్షింపబడిన ఒక యొరూబా బాలుడే ఫూరాబే కళాశాలయందు తొలివిద్యార్థిగ చేరి, తరువాత ఆఫ్రికావారిలో మొదటి ఆంగ్లికన్ బిషప్పైన శామ్యూల్ అజాయి క్రౌథర్. న్యాయస్థానపు తీర్పు నుండియే ఇన్ని గ్రామములు పుట్టిన దేశము మఱియొకటి నాకు కనబడదు. జీవితమంతయు అట్టి తీర్పుకొఱకే వాదించిన వ్యక్తి దానికి గవర్నరగుట మిక్కిలి యుచితము.

కాని తెల్లవాని శ్మశానమని ఐరోపాలో ఆ తీరమునకు పేరు. దోమకాటునకును జ్వరమునకును గల సంబంధము ఇంకను అర్ధశతాబ్దము వఱకు ఎవ్వరికిని తెలియదు. చిత్తడినేలల విషవాయువే కారణమని వైద్యులు నమ్ముచుండిరి. గవర్నర్లు ఒకరి వెనుక నొకరు అచ్చటనే కన్నుమూయుట సామాన్యమైయుండెను. జెరెమీ ఆ సంవత్సరాంతమున ఫ్రీటౌన్ చేరి, విశ్రాంతి యెఱుగక పనిలో దిగెను. రాజధానికి ఈశాన్యమున నదీమార్గమునందలి పోర్ట్ లోకో తెమ్నె జాతివారికి ముఖ్యమైన వర్తకస్థానము. లోపలిదేశపు దారులు సముద్రపు పడవలను కలిసికొను చోటు. ఆ పట్టణమునందే, 1841 ఏప్రిల్‌లో, జ్వరము తగిలి ఆయన మరణించెను. వయస్సు నలువదియైదు, ఫ్రీటౌన్ చేరి పట్టుమని ఆఱుమాసములు కాలేదు. శాసనముగాని, కట్టడముగాని ఆయన పేర నిలుచుటకు ఆ కాలము చాలలేదు. ఆ సంవత్సరముననే బక్స్టను ఆశలను మోసికొని నైగర్ నదీయాత్రకు ఇంగ్లాండునుండి నౌకలు బయలుదేరెను; క్రౌథరును ఆ యాత్రలో నుండెను. అదియు అనేకులను జ్వరమునకు బలియిచ్చి విఫలమై మరలివచ్చెను.

గవర్నరు మరణించినప్పుడు వలస పాలనము ఆగరాదు గనుక, తాత్కాలికముగ ఆ స్థానమున జాన్ కార్ కూర్చుండెను. ఆయనయు న్యాయవాదియే. ఆఫ్రికా రక్తము గలవాడు. ఏ ద్వీపమున 1824లో ఆ తొలి రాజాజ్ఞ అమలునకు వచ్చెనో, ఆ ట్రినిడాడునుండి వచ్చినవాడు. ఆ పిమ్మట ఆయన సియెరా లియోన్ ప్రధానన్యాయమూర్తియై, దీర్ఘకాలము ఆ పీఠమున నుండి తీర్పులు చెప్పెను.